ఇరాన్ ఆమ్లెట్, మాస్టర్ ఉప్పుడబ్బా

కోపానికి కూడా ఒక వయసు ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఆ వయసులో ఉన్నప్పుడు అది కోపమని తెలియదు. న్యాయం అనుకుంటాం. రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను పొద్దున లేస్తే ఎవరో ఒకరి మీద న్యాయంగా మండిపడుతూ ఉండేదాన్ని. నీళ్ళ ట్యాంకరు ఆలస్యంగా వస్తే ట్యాంకరు డ్రైవరు మీద, తొందరగా వస్తే నిద్ర చెడగొట్టినందుకు మళ్ళీ అతని మీదే. ఇంటరు తప్పాక (ఒక్క లెక్కల్లోనే, ఆ పేపరు దిద్దినాయన మీద నాకింకా అనుమానం పోలేదు) కొల్లాపూర్ దగ్గరి మా ఊరి నుంచి జడ్చర్లలో ఉన్న మా చిన్నమ్మ ఇంటికి బయలుదేరాను. గొర్ల మంద వెంట నెలల తరబడి తిరిగే మా బాపు ఆ పూట పని మానుకుని బస్సు ఎక్కించడానికి వచ్చి, "బిడ్డా, నోరు జర అదుపుల పెట్టుకో. అది మన ఊరు గాదు" అన్నాడు. అదుపులోనే పెట్టుకున్నాను, నాగర్‌కర్నూల్ దాకా. అక్కడ నేను నీళ్ళకని దిగి వచ్చేలోగా, నా కిటికీ సీట్లో తువ్వాల వేసి ఒక పెద్దమనిషి కూర్చున్నాడు.

ఆ రోజుల్లో హైవే పక్కన చేలన్నీ ప్లాట్లవుతున్నాయి. తెల్లరంగు వేసిన రాళ్ళు పాతి ఉండేవి, ఆ రాళ్ళ మధ్య మేకలు మేస్తుండేవి. అట్లా ప్లాట్లు అమ్మి పైకొచ్చిన ఒకాయన, మిగిలిన రెండెకరాల్లో సిమెంటుతో గుడిసెలు కట్టించి, వాటి మీద నిజం గడ్డి కప్పించి, హైదరాబాదు నుంచి కార్లలో వచ్చే కుటుంబాల కోసం గార్డెన్ రెస్టారెంటు పెట్టాడు. ఆయన ఎదురుగా లేనప్పుడు మేమంతా ఆయన్ని ప్లాట్ల సారు అనేవాళ్ళం. చిన్నమ్మ అక్కడ గిన్నెలు కడిగేది. వచ్చిన మూడోరోజే నన్ను తీసుకెళ్ళి కూరగాయలు కోసే చోట, కత్తిపీట ముందు కూర్చోబెట్టింది. రెండేళ్ళు అక్కడే కూర్చున్నాను.

నా కోపమంతా దేని చుట్టూ తిరిగిందో ముందే చెబుతాను. మా వైపు హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో వంట మగవాళ్ళది. ఆడవాళ్ళు కోస్తారు, చెరుగుతారు, ఒలుస్తారు, కడుగుతారు. పొయ్యి దగ్గరికి మాత్రం పోరు. హోటల్లో ఆ పెద్ద గ్యాసు పొయ్యిని బట్టీ అంటారు. ఇంట్లో తెల్లారింది మొదలు పొయ్యి ముందే ఉండే మనిషి, హోటలు గేటు దాటగానే బట్టీకి ఎట్లా పనికిరాకుండా పోతుందో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి అడిగాను కూడా. "బరువు ఉంటది, సెగ ఉంటది, మీతోని గాదు" అన్నారు. నలభై కిలోల ఉల్లిగడ్డల బస్తా నేనొక్కదాన్నే గోడౌన్ నుంచి ఈడ్చుకొచ్చినప్పుడు ఎవరికీ బరువు గుర్తుకు రాలేదు.

బట్టీకి రాజు దుబాయ్ మాస్టర్. నడివయసు మనిషి, మెడలో ఎప్పుడూ ఒక తువ్వాల, నోట్లో ఎప్పుడూ దుబాయ్. "మా దుబాయ్‌ల గిట్ల గాదు" అనకుండా ఆయన పప్పు కూడా తిరగమోత పెట్టేవాడు కాదు. బట్టీ పైన అరలో మూత సొట్టపోయిన ఒక స్టీలు డబ్బా ఉండేది. అది ఉప్పుడబ్బా. దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. "ఉప్పు ఒక్క చెయ్యిదే ఉండాలె. ఇద్దరు ఏసిన్రంటే కూర ఖతం" అనేవాడు. రుచి చూడటం కూడా ఆయన హక్కే. కోసేవాళ్ళం కోసి ఇవ్వాలి, అంతే. ఆ రెండేళ్ళలో నేను కోసిన కొత్తిమీర కట్టలు పేరిస్తే మా ఊరి దాకా వచ్చేవేమో గానీ, చిటికెడు ఉప్పు నా చేతులతో ఏ గిన్నెలోనూ వేయలేదు. అప్పుడు ఆ సంగతి నాకు పెద్దగా పట్టలేదు. నాకు కావలసింది బట్టీ. బట్టీ దక్కితే ఉప్పు దాని వెంటే వస్తుందనుకున్నాను.

ఇంతలో ప్లాట్ల సారు కొడుక్కి హైదరాబాదు సంబంధం కుదిరి, కోడలు వచ్చింది. ఆమె మాకు చిన్న మేడం. మంచి మనిషే. నా కోపం జాబితాలో ఆమె పేరు చివర్లో ఉండేది. ఆదివారం పదకొండు గంటలకు బ్రంచ్ అని ఒకటి పెట్టాలని ఆమె మామగారిని ఒప్పించింది. పొద్దుటి టిఫినుకూ మధ్యాహ్నం భోజనానికీ నడుమ తినేది అని మాకు వివరించింది. చిన్నమ్మ గిన్నె తోముతూనే అంతా విని, "మనోళ్ళు గొర్లకాడ పదకొండింటికి సద్ది తింటరు గదా, గదేనా? మీ బాపు పుట్టినప్పటి సంది బ్రంచే తింటున్నడే పిల్లా, పాపం ఆయనకే తెల్వదు" అంది.

బ్రంచ్‌లో అసలు ఆకర్షణ ఏమిటంటే ఇరాన్ వాళ్ళ ఆకుల ఆమ్లెట్. కూకూ సబ్జీ అంటారట. చిన్న మేడం ఫోనులో వీడియో చూపించింది. ఆమ్లెట్ అన్న మాటే గానీ అందులో గుడ్డు తక్కువ, ఆకు ఎక్కువ. కొత్తిమీర, సోయకూర, ఉల్లికాడలు, కొంచెం మెంతికూర, ఇంకేదో మా మార్కెట్లో దొరకని ఆకు, అన్నీ బుట్టల కొద్దీ తీసుకుని అతి సన్నగా తరగాలి. ఆ ఆకు ఉండ కట్టడానికి సరిపడా గుడ్లు, పసుపు, అక్రోటు పలుకులు, పుల్లగా ఉండే చిన్న ఎర్రటి ఎండు పండ్లు. ఆ పండ్లను ఆమె హైదరాబాదు నుంచి అగ్గిపెట్టె అంత డబ్బాలో తెచ్చింది. సన్నని సెగ మీద మందంగా కాల్చి, కేకులాగా ముక్కలు కోసి పెట్టాలి. వీడియో అయ్యేసరికి మాస్టర్ తువ్వాలతో మూతి తుడుచుకుని, "మేడం, గిది ఆమ్లెట్ గాదు, పిడక. అయినా ఐతారం పూట ఆకుకూర ఎవడు తింటడు మేడం? ఐతారమంటే నీసు వాసన రావాలె" అన్నాడు. ఆ రెండో మాటలో ఆయన తప్పేం లేదు. మా వైపు ఆదివారం ఇంటికి చుట్టం వస్తే ఆకుకూర పెట్టడం, పొమ్మని చెప్పడం రెండూ ఒకటే. కానీ ఆ మాట మాస్టర్ నోటి నుంచి వచ్చింది గనక నేను అక్కడికక్కడే ఇరాన్ పక్షం చేరిపోయాను.

నేను ఆ వీడియోను చూసినట్టు వంటింట్లో ఇంకెవరూ చూడలేదు. అందులో పనంతా కోతే. కోసిన తర్వాత మిగిలేది కాసింత సెగ, కాసింత ఓపిక. అంటే ఈ లోకంలో ఎక్కడో ఒక దేశంలో, కోసేవాళ్ళే వండేవాళ్ళుగా ఉన్న వంటకం ఒకటి ఉందన్నమాట. నాకు ఒళ్ళు పులకరించింది. చిన్న మేడం ఫోను తీసుకుని ఇంకో రెండుసార్లు చూశాను. ఆకు కడిగాక తడి పూర్తిగా ఆరాలని ఆ వీడియోలో ఒక పెద్దావిడ తువ్వాల మీద పరిచి మరీ చూపించింది.

శుక్రవారం రోజు సారు ముందు పరీక్ష. నేను ఆకంతా కోసి పెట్టాను. మా వంటింట్లో ఆకుకూరను తడి గోనెసంచిలో చుట్టి ఉంచడం ఆనవాయితీ, వాడకుండా ఉంటుందని. మాస్టర్ నేను కోసిన ఆకును కూడా ఆ తడి గోనెలోనే పోయించి, గంట తర్వాత నీళ్ళు కారుతుండగా అట్లాగే గుడ్లలో కలిపాడు. పైగా అల్లం వెల్లుల్లి వేశాడు, గరం మసాలా వేశాడు. ఆఖరికి ఇంత మందాన ఉన్నదాన్ని దోసెను తిప్పినట్టు తిప్పబోయాడు. సగం పెంక మీద, సగం బట్టీ మీద పడింది. మిగిలినదాన్ని ప్లేటులో సర్ది సారు ముందు పెడితే, ప్లేటు నిండా పచ్చని నీళ్ళు ఊరాయి. సారు చెంచాతో కదిపి, "ఇదేంది మాస్టర్, చెరువు లెక్కున్నది?" అన్నాడు. మాస్టర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సార్, కోత తేడా అయింది. గీ పిల్లకు సన్నగ కోసుడు రాదు" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేళ్ళు. వేళ్ళ చివర్లు నల్లబడిపోయి, నిమ్మకాయతో రుద్దినా తెల్లబడని ఆ వేళ్ళను చూసుకుంటూ రెండేళ్ళు కూర్చున్నానే, నా కోత తేడానా! నేను లేచి నిలబడ్డాను. కత్తిపీట ముందు నుంచి ఎవరైనా అట్లా లేవడం ఆ వంటింట్లో అదే మొదటిసారి అనుకుంటాను.

"కోత తేడా గాదు సార్! ఆకు తడి ఆరలే. తడి గోనెలకెల్లి తీసి సక్కగ గుడ్లల్ల ఏసిండు. అల్లం ఏసిండు, ఎల్లిగడ్డ ఏసిండు, గరం మసాల ఏసిండు. ఇరానోళ్ళు చూస్తే ఏడుస్తరు! మాస్టర్, నువ్వు దుబాయ్‌ల ఏం చేసినవో నాకు తెల్వదు గని, ఆమ్లెట్ మాత్రం చేయలే!"

(మాస్టర్‌ను అంతవరకు మీరు అనే పిలిచేదాన్ని. ఆ 'నువ్వు' ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.) వెనకాల చిన్నమ్మ చేతిలోంచి ఒక గిన్నె జారి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. సారు నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నువ్వు చేస్తవా అయితే?" అన్నాడు. "చేస్త" అన్నాను. "సరే. ఐతారం చెయ్యి. కుదిరితే ఇగ నువ్వు బట్టీ కాడనే. కుదరకుంటే, ఇంత నోరున్న మనిషి నాకొద్దమ్మా. నువ్వూ మీ చిన్నమ్మా ఇద్దరూ సోమవారం నుంచి రాకుండ్రి" అని వెళ్ళిపోయాడు. ఇంటికి పోయేదారి పొడవునా చిన్నమ్మ నాకంటే పది అడుగులు ముందే నడిచింది. గుమ్మం దగ్గర మాత్రం ఆగి, "నీ నోరు పాడుగాను, నేనేం జేసిన్నే మధ్యల?" అంది. ఆమె అడిగింది న్యాయమే గనక సారు మీద ఇంకా కోపం వచ్చింది.

శనివారమంతా యుద్ధమే. సామాన్ల గదిలో చిన్నమ్మ పాత నూలుచీర పరిచి, కడిగిన ఆకునంతా దాని మీద ఆరబోసి ఫ్యాను వేశాను. పది నిమిషాలకు వచ్చి చూస్తే ఫ్యాను ఆగి ఉంది. మళ్ళీ వేశాను. మళ్ళీ ఆగింది. మూడోసారి తలుపు వెనక నిలబడి పట్టుకున్నాను. మాస్టర్! "మనుషులకే లేదు ఫ్యాను, ఆకుకు ఫ్యానా?" అన్నాడు. "ఆకు పని జేస్తది" అన్నాను. ఆయన పని చేయడని నేను అనలేదు, ఆయనే అట్లా అనుకున్నాడు. సాయంత్రం దాకా ఆయన ఆపడం, నేను వేయడం. చివరికి ఆ స్విచ్చు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుని, చేతి విసనకర్రతో కూడా విసిరాను. నా కోపం సెగకే సగం ఆకు ఆరి ఉంటుంది.

ఆదివారం పొద్దున్నే వచ్చి కోత మొదలుపెట్టాను. అంత సన్నగా అంతకు ముందెప్పుడూ కోయలేదు, ఆ తర్వాతా కోయలేదు. మాస్టర్ ఆ పూట బట్టీ ఖాళీ చేసి, నీళ్ళ డబ్బా బోర్లించి దాని మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ నన్నే చూస్తున్నాడు. తొమ్మిదిన్నరకు నేను బట్టీ ముందు నిలబడ్డాను. బట్టీ ఎత్తు మగవాళ్ళకు సరిపోయేటట్టు కట్టింది. కడాయిలో ఏముందో కనబడక ఇటుక మీద ఎక్కాల్సి వచ్చింది. గుడ్లు కొట్టాను, పసుపు వేశాను, ఆకు వేశాను, అక్రోటు, ఎర్రపండ్లు వేసి కలిపాను. పెద్ద కడాయిలో నూనె వేసి దాన్నంతా నింపి, గంటెతో పైన అదిమాను. తిప్పే పనే లేదు. మా అవ్వ గిన్నె అడుగున బియ్యప్పిండి అద్ది గిన్నప్ప కాల్చేటప్పుడు సన్నని సెగ మీద మూతపెట్టి ఎంత ఓపిగ్గా కూర్చునేదో గుర్తుంది. నేను ఇంకొంచెం ముందుకు పోయి, తందూరు పొయ్యిలోంచి నిప్పులు తీసి మూత మీద పరిచాను. కింద సెగ, పైన సెగ. ఇరవై నిమిషాల తర్వాత మూత తీస్తే, పైన నల్లగా మాడకుండా పొర కట్టి, కోస్తే లోపల పసిరిక పచ్చగా, నడుమ నడుమ ఎర్రటి చుక్కలతో ఉంది. ఒక్క చుక్క నీరు లేదు. నేను మాస్టర్ వైపు తిరిగి, ఇగో నీ పిడక అన్నట్టు చూశాను. ఆయన సాసర్ పక్కన పెట్టాడు. ఓడిపోయాడనుకున్నాను.

పదకొండుకు సిమెంటు గుడిసెలన్నీ నిండాయి. నాలుగు కడాయిలు దించాను. ప్లేట్లు వరసగా బయటికి పోయాయి. చిన్న మేడం వచ్చి "చాలా అందంగా ఉంది" అని ఫొటో తీసుకుని వెళ్ళింది. నేను ఇటుక మీద నిలబడే, ఇక ఈ ఇటుక నాదే అనుకుంటున్నాను. ఇంతలో ఒక ప్లేటు తిరిగి వచ్చింది. ముక్క కొసన కొంచెం కొరికి వదిలేశారు. ఇంకో ప్లేటు వచ్చింది. అదీ అంతే. ఐతారం పూట ఆకు తినని మొండి మనుషులు అని వాళ్ళ మీద కోపం తెచ్చుకోబోతుండగా, గిన్నెలు కడిగే చోటి నుంచి చిన్నమ్మ నా వైపు వచ్చింది. ఆ ప్లేట్లలోంచి చిన్న తునక నోట్లో వేసుకున్నట్టుంది. ఇంకా నములుతూనే ఉంది.

"బిడ్డా," అంది గొంతు తగ్గించి, "ఉప్పు ఏసినవా?"

నేను అర వైపు చూశాను. మూత సొట్టపోయిన డబ్బా ఎక్కడ ఉండేదో అక్కడే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోవాలని కూడా గుర్తు రాలేదు, రుచి చూడాలనీ తోచలేదు. రెండేళ్ళు ఆకు కోసి, తట్టలో పెట్టి, మాస్టర్ వైపు జరిపిన చేతులకు నా పని అక్కడితో అయిపోయినట్టే అనిపించింది. ఉప్పు ఎవరో వేస్తారు. ఉప్పు ఎప్పుడూ ఎవరో వేస్తారు. నాలుగు కడాయిలు, ఒక్కదాంట్లోనూ ఉప్పు లేదు. చిన్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది, అవి ఎప్పుడో ఆరిపోయినా.

మాస్టర్ లేచాడు. వెళ్ళి సారుకు చెబుతాడనుకున్నాను. నేనైతే చెప్పేదాన్ని, పరుగెత్తి మరీ చెప్పేదాన్ని. ఆయన అరలోంచి డబ్బా తీశాడు, పచ్చళ్ళు పెట్టే చిన్న గిన్నెలు ఒక పళ్ళెం నిండా సర్దాడు, ఒక్కో గిన్నెలో ఇంత ఉప్పు, ఇంత మిరియాల పొడి పోసుకుని, తువ్వాల సర్దుకుని బయటికి నడిచాడు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. మొదటి గుడిసె దగ్గర వంగి, ప్రతి ఒక్కరి ముందూ ఒక గిన్నె పెట్టి, "మాఫ్ చెయ్యుండ్రి మేడం, గిన్నెలు లేటయినయ్. ఇరాన్‌ల గిదే పద్ధతి. ఉప్పు లోపల ఎయ్యరు. ఎవరికెంత గావాల్నో వాళ్ళే పైన చల్లుకోవాలె. అప్పుడే ఆకు రుచి తెలుస్తది. నేను దుబాయ్‌ల ఇరానోళ్ళ కాడ పదేండ్లు గిట్లనే వెట్టిన" అన్నాడు. వాళ్ళు చల్లుకున్నారు. తిన్నారు. ఒకాయన తల ఊపాడు. ఇంకొకావిడ తన భర్తతో, "చూశారా, బీపీ ఉన్నవాళ్ళకు ఎంత మంచి పద్ధతో" అంది. నాలుగు కడాయిలూ ఖాళీ అయ్యాయి.

నేను ఆనందపడి ఉండాలి కదా. చెబితే నమ్మరు, నాకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. నన్ను ముంచి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. కాపాడాడు! అదీ దుబాయ్ పేరు చెప్పి కాపాడాడు. ఆయన ఖాళీ పళ్ళెంతో లోపలికి రాగానే, "నేను ఉప్పెయ్యలేదని నీకు ఎప్పుడు తెలిసింది?" అని నిలదీశాను. "నువ్వు గుడ్లు కొట్టినప్పుడే చూసిన. డబ్బా తీస్తవేమో, తీస్తవేమో అని చూస్తనే ఉన్న" అన్నాడు. "మరి చెప్పరాదా!" అన్నాను. "చెప్తే ఇనే పిల్లవా నువ్వు?" అన్నాడు. ఒళ్ళంతా మండింది, అది నిజమే గనక.

ఆయన మళ్ళీ ఆ నీళ్ళ డబ్బా మీద కూలబడి, నన్ను చూడకుండా చెప్పాడు. "దుబాయ్‌ల నేను ఐదేండ్లు ఉల్లిగడ్డలే కోసిన. ఒక్కదినం బట్టీ ఇచ్చిన్రు. నేను గూడ ఉప్పు మర్చిన. కోసేటోని చేతికి ఉప్పు యాదికొస్తదా? మల్ల ముట్టనియ్యలే. ఇంటికొచ్చినంక నేర్చుకున్న, అంత ఈడనే." అంటే నేను శుక్రవారం సారు ముందు అన్న మాట, కోపంలో గాల్లోకి విసిరిన మాట, అక్షరాలా నిజమన్నమాట. ఇంకెవరైనా అయితే అప్పుడు జాలిపడతారు. నేను ఒక్క నిమిషం పడ్డాను కూడా. అంతలోనే రెండో ఆలోచన వచ్చింది.

"గంత తెలిసినోనివి, మరి నన్నెందుకు రెండేండ్లు కత్తిపీట కాడ కూసవెట్టినవ్?"

ఆయన మెడలోంచి తువ్వాల తీసి, శుభ్రంగానే ఉన్న బట్టీ గట్టును తుడిచాడు. తుడిచి, తుడిచి, ఆఖరికి ఉప్పుడబ్బా తీసి నా ముందుకు చాపాడు. వెనక నుంచి చిన్నమ్మ, "చేతికియ్యకు మాస్టర్, కింద పెట్టు! ఉప్పు చేతికిస్తే కొట్లాటలయితయ్" అని అరిచింది. "ఇగ మా ఇద్దరికి కొత్తగ అయ్యే కొట్లాట ఏమున్నది, పట్టు" అన్నాడు మాస్టర్. పట్టుకున్నాను. డబ్బా చూసినదానికంటే బరువుంది. థ్యాంక్స్ చెప్పాలనిపించలేదు, చెప్పలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నా కోపం కూడా చల్లారేదేమో. చిన్న మేడం ఆ 'ఇరాన్ పద్ధతి'కి ముగ్ధురాలైపోయింది. ప్లాట్ల సారు చిన్న ఇత్తడి గిన్నెలు తెప్పించాడు. గేటు దగ్గర బోర్డు మీద 'మీ ఉప్పు మీ ఇష్టం' అని రాయించాడు. బట్టీ నాదయింది, చిన్నమ్మ పని నిలిచింది, ఉప్పుడబ్బా నా చేతికి అందే అరలోకి వచ్చింది. కానీ ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం నేను ఆ డబ్బాను ఎదురుగా పెట్టుకుని, ఉప్పు లేకుండా ఆమ్లెట్ చేశాను. నా తప్పును నాతోనే, వారం వారం, పనిగట్టుకుని చేయించారు. ఒకసారి హైదరాబాదు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. తాత ముత్తాతలు ఇరాన్ నుంచి వచ్చి చాయ్ హోటలు పెట్టిన కుటుంబమట. ఆయన ఒక ముక్క తిని, ఆశ్చర్యపోయి, "మా ఇంట్లో ఇందులో ఉప్పు వేస్తామే!" అన్నాడు. ప్లాట్ల సారు ఎంతో మర్యాదగా, "మీరు ఇక్కడికి వచ్చి మస్తు రోజులయింది గదా సార్, అసలు పద్ధతి మర్చిపోయి ఉంటరు" అన్నాడు. నేను లోపల గంటె కొరికి నిలబడ్డాను. మాస్టర్ ఆ పూట నవ్వు ఆపుకోలేక నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయాడు.

పెళ్ళయి నకిరేకల్ వచ్చాక, రోడ్డు మీద మాదే చిన్న హోటలు పెట్టుకున్నాను. బట్టీ నా ఎత్తుకు కట్టించుకున్నాను. మా దగ్గర ఎవరు కోస్తే వాళ్ళే ఉప్పు వేసి, వాళ్ళే రుచి చూస్తారు. ఈ రూలు మీద మొదట్లో మా ఆయనతో కూడా పెద్ద గొడవే అయింది. ఇరాన్ ఆమ్లెట్ ఇప్పుడూ చేస్తాను, ఎర్రపండ్లు దొరకవు గనక చింతచిగురు దొరికే రోజుల్లో అదే వేస్తాను. ఉప్పు మాత్రం ఎన్నడూ మరవను. ఒకసారి వేసి, వేశానా లేదా అని అనుమానం వచ్చి ఇంకోసారి వేస్తుంటానని మా ఆయన అంటాడు. అది ఆయన అపనింద అనుకునేదాన్ని.

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున పదకొండింటికి బస్సు దిగి ఒక మనిషి లోపలికొచ్చాడు. జుట్టంతా తెల్లబడింది గానీ మెడలో తువ్వాల అదే. నేను ఏం తింటావని అడగకుండానే ఆమ్లెట్ చేసి పెట్టాను. తలవంచుకుని, ప్లేటు తుడిచినట్టు తిన్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు. ఏమంటాడో అని నేను పదేళ్ళ కింది ఇటుక మీద నిలబడ్డట్టే నిలబడ్డాను.

"ఉప్పు జర ఎక్కువయింది బిడ్డా" అన్నాడు.

ఎంత కోపం వచ్చిందో! పొద్దుటి నుంచి నా హోటల్లో తిన్న నలభై మందిలో ఒక్కరూ ఆ మాట అనలేదు. "అది గీ పూటది గాదు మాస్టర్. ఆ ఐతారంది గూడ కలిపి ఏసిన" అన్నాను. ఆయన పొలమారేదాకా నవ్వాడు. నేను నవ్వలేదు, నీళ్ళ చెంబు కొంచెం గట్టిగానే బల్ల మీద పెట్టాను. ఆయన బస్సు వెళ్ళిపోయాక, కడాయిలో అడుగున మిగిలిన ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. నిజమే, ఉప్పు ఎక్కువయింది. తిట్టుకుందామంటే ఎదురుగా ఎవరూ లేరు. కత్తిపీట ముందు నుంచి విసురుగా లేచిన ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల ఒక్కతే గుర్తొచ్చింది. ఆమె మీద నాకెప్పుడూ కోపం రాలేదు. రెండు గ్లాసుల నీళ్ళు తాగి, మధ్యాహ్నం వంటకు ఆకు కోయడానికి కూర్చున్నాను.